నర్సుల యలసట – ఆసుపత్రుల బాధ్యత

ప్రతి సంవత్సరమును మే నెల 12వ తేదిని అంతర్జాతీయ నర్సుల దినముగా జరుపుట ఆచారమైనది. ఫ్లారెన్సు నైటింగేలు జన్మించిన దినమది. ఆనాడు ఆసుపత్రులలో క్రొవ్వొత్తులు వెలిగింతురు. పెద్దలు వేదికలెక్కి నర్సులను దేవతలని, మాతృమూర్తులని కొనియాడుదురు. శాలువ కప్పి, మిఠాయి పంచి, ఛాయాచిత్రము తీయించుకొని సెలవు పుచ్చుకొందురు. ఆ పొగడ్తలను మేము తప్పుపట్టము. కాని దేవతలకు ఆకలి యుండదు, నిద్ర యుండదు, నడుము నొప్పి యుండదు, ఇంటివద్ద జ్వరముతో నున్న పసిబిడ్డ యుండదు. నర్సులకివి యన్నియు గలవు. ఒక మనిషిని దేవత యని పిలుచుటలో పిలుచువారికొక సౌకర్యమున్నది: దేవతకు జీతము హెచ్చింపనక్కఱలేదు.

2020 మార్చి 22వ తేది సాయంకాలము దేశమంతటను ప్రజలు గుమ్మములలో నిలిచి వైద్యసేవకుల గౌరవార్థము చప్పట్లు చఱచిరి, పళ్లెములు మ్రోగించిరి. మే 3వ తేదిని సైనిక హెలికాప్టరులు ఆసుపత్రులపై పూలు చల్లినవి. ఆ సంవత్సరమును నర్సుల, మంత్రసానుల సంవత్సరముగా ప్రపంచారోగ్య సంస్థ అంతకుమునుపే నిర్ణయించియుండుట కాకతాళీయము. మఱుసటి యేడు జూలైలో, కోవిడు రెండవ తరంగము తగ్గుముఖము పట్టిన పిదప, తెలంగాణమున పొరుగుసేవల పద్ధతిని పనిచేయుచుండిన నర్సులు వేయిమందికి పైగా ఉద్యోగములు కోల్పోయి హైదరాబాదు వీథులలో మొఱపెట్టుకొనిరి. కాగితముల ప్రకారమది సక్రమమే కావచ్చును. కాని పూలు చల్లిన కాలమునకును, పొమ్మన్న కాలమునకును నడుమ పదునాలుగు మాసములే గడచెనని పాఠకులు గమనింపవలయును.

ఆసుపత్రులలో నెల్ల కఠినమైన పని ఐ.సి.యు. నర్సుది. ఆ మూడక్షరముల పేరు నేడు పల్లెటూరివారికిని తెలియును. పొలము తాకట్టు పెట్టి పట్టణమునకు వచ్చినవారికి మఱింత బాగుగా తెలియును. తలుపునకు ఆవల నేమి జరుగుచున్నదో మాత్రము తెలియదు. అద్దములోనుండి యంత్రములు కానవచ్చును, వాని వెలుగులు కానవచ్చును. కావున ప్రాణము నిలుపునవి యంత్రములే యని జనుల నమ్మకము. ఆసుపత్రి కట్టించు దాతలకును అదే నమ్మకము. వెంటిలేటరుపై తండ్రిగారి పేరు చెక్కింపవచ్చును గాని నర్సు జీతముపై చెక్కింప వీలులేదు గదా.

ఈ విభాగము పుట్టిన విధము తెలిసినచో ఆ నమ్మకము కొంత సడలును. 1952లో డెన్మార్కు దేశపు రాజధాని కోపెన్‌హేగెనులో పోలియో వ్యాధి విజృంభించెను. ఊపిరాడించు కండరములు చచ్చుపడిన రోగులను నాటి శ్వాసయంత్రములలో నుంచి చూచిరి. మొదటి మూడు వారములలో నట్లుంచిన 31 మందిలో 27 మంది మరణించిరి. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తుమందు వైద్యుడు రోగి గొంతునకు రంధ్రము చేసి, గొట్టము పెట్టి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు గాలి పంపవలెనని చెప్పి, చేసి చూపెను. సంచి నొక్కువా రెవరు? సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులు వేసికొని, వారములకు వారములు, రేయింబవళ్లు రోగుల తలాపిని కూర్చుండి నొక్కిరి. మరణములు త్వరలోనే బహుముఖముగా తగ్గినవి. ఆ యనుభవముపై 1953లో ఇబ్సెన్ స్థాపించిన విభాగమునే నేటి ఐ.సి.యు.లకు తొలి రూపముగా నెన్నుచున్నారు. అనగా ఐ.సి.యు. యంత్రముతో పుట్టలేదు, ఒక రోగి చెంత నొక మనిషి యను నియమముతో పుట్టినది. తరువాతి కాలమున సంచి నొక్కు పనిని యంత్రము చేపట్టినది. తలాపిని కూర్చుండు పని నర్సునకు మిగిలినది.

ఆ పని యెట్టిదో ఒక రాత్రి లెక్క చూతము. వెంటిలేటరుపై నున్న రోగిని రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పవలెను. లేకున్న వీపున పుండ్లు పడును. స్పృహ లేని నిండు మనిషిని గొట్టములు ఊడకుండ తిప్పుటకు ఒకరు చాలరు. గొంతులోని గొట్టమున పేరుకొను కఫమును పీల్చి తీయవలెను. నోరు కడుగవలెను. తనంత తాను ఱెప్ప మూయలేని కన్ను ఎండిపోకుండ మందు వేయవలెను. గంటగంటకు నాడి, రక్తపోటు, ఊపిరి, మూత్రము కొలిచి వ్రాయవలెను. రక్తపోటు నిలుపు మందు సూదిగొట్టములో నొక చుక్క తడబడిన ప్రాణముమీదికి వచ్చును. ఒక మందు ముగియకమునుపే రెండవది సిద్ధపఱచవలెను. మలమూత్రములు తీసి, ఒడలు తుడిచి, దుప్పటి మార్చవలెను. ఇవన్నియు జరుగుచుండగా యంత్రములు కూయుచునే యుండును. ఆ కూతలలో పెక్కింటికి అపాయము లేదు. కాని ఏ కూతకు అపాయము లేదో తెలియుటకు ప్రతి కూతకును తల యెత్తవలెను. వినివిని చెవి మొద్దుబాఱును. మొద్దుబాఱిన చెవి తప్పింపరాని కూతను తప్పించును. ఆ భయము డ్యూటీ ముగిసి యింటికి వెళ్లిన పిదపను నర్సును విడువదు. కూతలు నిద్రలో వినవచ్చుచున్నవని చెప్పు నర్సులను మేమెఱుగుదుము.

ఇంతలో తలుపు తట్టుదురు. "సిస్టరమ్మా, మా నాయన కళ్లు తెరిచాడా?" అని కొడుకు. ఆమె తెఱచెనని చెప్పిన నొక ఆశ, తెఱవలేదని చెప్పిన నొక శోకము. వైద్యుడు వచ్చి నాలుగు మాటలు చెప్పి పోవును. ఆ మాటలకు అర్థము చెప్పు పని నర్సుది. తెల్లవాఱుజామున మూడవ మంచము రోగి మరణించెననుకొందము. నాలుగు దినములుగా ఆమె తల దువ్విన రోగి. దేహమును శుభ్రపఱచి, గొట్టములు తీసి, బంధువులకు చూపి, కాగితములు వ్రాసి, మంచము కడిగి, దుప్పటి పఱచునంతలో క్రింది అంతస్తునుండి వేఱొక రోగిని తెత్తురు. ఏడ్చుటకు సమయము లేదు. ఈ మాట అలంకారముగా వ్రాయుట లేదు. గడియారము చూచి వ్రాయుచున్నాము.

ఇట్టి రాత్రులు ఏండ్ల తరబడి గడపిన మనిషికి కలుగు స్థితిని ఆంగ్లమున బర్నౌట్ అందురు. 1974లో హెర్బర్టు ఫ్రాయ్‌డెన్‌బర్గరు అను అమెరికా మనస్తత్త్వవేత్త పేదల వైద్యశాలలో ఉచితముగ పనిచేయు వారిలో దీనిని గుర్తించి యీ పేరు వాడెను. మన భాషలో దీనికి కుదిరిన మాట ఇంకను ఏర్పడలేదు. అలసట యన్న చాలదు. అలసట నిద్రతో తీఱును. దీపములో చమురు ఇంకిన పిదప వత్తియే కాలి, వెలుగు తగ్గి పొగ హెచ్చును. ఆ స్థితిని మన యిండ్లలో మాడుట యందుము. మాకు ఆ మాటయే తగియున్నదని తోచుచున్నది. క్రిస్టీనా మాస్లాక్, సుసాన్ జాక్సను అను నిద్దఱు పరిశోధకులు 1981లో దీనిని కొలుచు ప్రశ్నావళిని ప్రకటించి మూడు లక్షణములు చెప్పిరి. మనసులో నేమియు మిగులకపోవుట మొదటిది. ఎదుటి మనిషిని మనిషిగా గాక వస్తువుగా చూచుట రెండవది. ఆ దశలో రోగికి పేరు పోయి ఆఱవ మంచమగును. నా పనివలన నేమియు జరుగుట లేదను నిస్పృహ మూడవది.

ప్రపంచారోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగముల పట్టికలో నీ స్థితిని చేర్చినది. కాని రోగముగా గాదు. పనిచేయు చోటనుండి పుట్టి, సరిదిద్దబడని యొత్తిడి ఫలితమని మాత్రమే వ్రాసినది. ఈ భేదము చిన్నది కాదు. రోగమైనచో మందు రోగికి ఇయ్యవలెను. పనిచోటునుండి పుట్టిన దైనచో మందు పనిచోటునకు వేయవలెను. మన ఆసుపత్రుల యాజమాన్యములు మొదటి దారినే సుళువుగా నెంచుచున్నవి. నర్సులకు ఒత్తిడి నివారణ తరగతులు పెట్టుదురు, ధ్యానము నేర్పుదురు, చిఱునవ్వుతో పలుకుటెట్లో బోధింతురు. ధ్యానముపై మాకు ఆక్షేపణ లేదు. పండ్రెండు గంటల డ్యూటీలో భోజనమునకే పావుగంట దొరకని స్త్రీ ధ్యానమునకు అరగంట యెక్కడనుండి తెచ్చుకొనునో బోధించిన వారు చెప్పవలయును.

ఇంకొక పేరును వాడుకలోనికి వచ్చినది. 1992లో కార్లా జాయిన్సను అను నర్సు తన వ్యాసమున దయకు కలుగు నలసటను గూర్చి వ్రాసినది. పరుల దుఃఖమును నిత్యము మోయువారిలో దయ క్రమముగా తఱిగి యెండిపోవునని దాని భావము. ఆమె చూచినది నిజమే. కాని ఆ పేరును పట్టుకొని కొందఱు దయ యనునది తొట్టిలోని నీరువలె కొలతగలదనియు, వాడిన కొలది తఱుగుననియు తలచుచున్నారు. ఆ తలపుతో మేము ఏకీభవింపము. మన పాఠకులలో వ్యవసాయము తెలిసినవారు పెక్కురు. ఊటబావిని తోడకుండ విడిచిన నీరు పాసిపట్టును. తోడిన కొలది తేటయగును. అట్టి బావియు ఎండునప్పుడు తోడుటవలన ఎండదు, ఊట కండ్లు పూడుటవలన ఎండును. అప్పుడు రైతు బావిని తిట్టడు; పూడిక తీయించును. ఐ.సి.యు. నర్సుల దయ విషయమున జరుగుచున్నదియు ఇదియేనని మా యభిప్రాయము. దయ చూపుటవలన వారు మాడుట లేదు. చూపదలచిన దయను చూపనీయని స్థితివలన మాడుచున్నారు.

ఇందుకు మన దేశమున జరిగినదే యొకటి చెప్పెదము. బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా నుండిన అరుణా శాన్‌బాగ్‌పై 1973 నవంబరు 27వ తేదిని అదే ఆసుపత్రి సేవకుడొకడు దౌర్జన్యము చేసి, మెడకు గొలుసు బిగించెను. మెదడునకు ప్రాణవాయువు అందక ఆమె స్పృహ పోయెను. మరల కోలుకొనలేదు. నాటినుండి 2015 మే 18వ తేదిని మరణించువఱకు, దాదాపు నలుబది రెండేండ్లు, ఆమె ఆ యాసుపత్రి మంచముపైననే యుండెను. ఆమెకు అన్నము పెట్టినవారు, స్నానము చేయించినవారు, ప్రక్క మార్చినవారు ఆ యాసుపత్రి నర్సులు. మొదట సేవచేసినవారు ఉద్యోగము ముగించి వెళ్లిరి; ఆ సంఘటన జరిగిన నాటికి పుట్టనైన పుట్టనివారు వచ్చి సేవ కొనసాగించిరి. ఇన్ని యేండ్లు మంచమున నున్న దేహముపై పుండు పడకుండ చూచిరి. ఆమెకు ఆహారము నిలిపివేసి పోనీయవలయునని సుప్రీము కోర్టుకు విన్నపము రాగా, 2011 మార్చి 7వ తేది తీర్పులో న్యాయస్థానము ఆమె తరఫున మాటలాడు హక్కు ఆ యాసుపత్రి సేవకులదే యని చెప్పి వారి సేవను కొనియాడినది. ఆమె బ్రదుకుట మేలా, పోవుట మేలా యను వివాదమున మేము దిగము. నలుబది రెండేండ్లు తోడినను ఆ బావి యెండకపోవుటకు కారణ మేమి యనునదే మా ప్రశ్న.

ఆ భారము ఏ యొక్కరిపైనను పడలేదు, తరములుగా పంచుకొనిరి. తమ సేవ ఫలమును వారు కన్నులార చూచుచుండిరి. వీనికంటె ముఖ్యమైనది మఱియొకటి గలదు. అరుణపై దౌర్జన్యము జరిగినప్పుడు బొంబాయి నర్సులు సమ్మె చేసి, ఆమెకు మంచి చికిత్సయు తమ పనికి మంచి వసతులును కోరిరి. తరువాతి కాలమున మంచము ఖాళీ చేయుటకై ఆమెను వేఱొక చోటికి పంపవలెనని నగర పాలకులు యత్నింపగా నర్సులే యెదిరించి ఆ యత్నమును మాన్పించిరి. వారి మాటకు విలువ యుండెను. తాము మంచిదని నమ్మిన పనిని చేయగలిగిరి. దయయు అధికారమును ఒకే చేతిలో నుండిన చోట దయ అలయలేదు.

దీనికి వ్యతిరేకమైన స్థితికిని పేరు గలదు. ఏది చేయదగినదో తెలిసియు, చేయనీయని కట్టుబాట్లవలన కలుగు వేదనను 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అను తత్త్వవేత్త నర్సుల విషయముననే వర్ణించి, నైతిక వేదన యని పేరు పెట్టెను. ఐ.సి.యు.లో నిది నిత్యమును కనబడును. బ్రదుకడని అందఱికి తెలిసిన వృద్ధునికి గొట్టముపై గొట్టము వేయుదురు. కొడుకులు విదేశమునుండి రావలెననియో, లోకము తప్పుపట్టుననియో, కొన్ని చోట్ల బిల్లు పెరుగవలెననియో చికిత్స సాగింతురు. ఆ నిర్ణయము చేసినవారు ఇంటికి పోయి నిద్రింతురు. ఆ వృద్ధుని చేతికి సూది గ్రుచ్చునది నర్సు. అతడు ముఖము చిట్లించుట చూచునది నర్సు. గౌరవముతో మరణించు హక్కును సుప్రీము కోర్టు 2018 మార్చి 9వ తేదిని గుర్తించినది. మున్ముందు తనకెట్టి చికిత్స వలదో వ్రాసి పెట్టుకొనుటకు అనుమతించినది. 2023లో ఆ పద్ధతిని సులభము చేసినది. పొలమునకు, ఇంటికి వీలునామా వ్రాయు మన పెద్దలలో దీనిని వ్రాసినవారెందఱు? వ్రాసినచో తమ బిడ్డలకే కాక, పేరు తెలియని యొక నర్సునకును మేలు చేసినవారగుదురు.

ఇక సంఖ్యల విషయము. దీనిపై వాదమునకు తావు లేనంత స్పష్టమైన పరిశోధన యున్నది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి 168 ఆసుపత్రులలో 10,184 మంది నర్సులను విచారించి, 2,32,342 మంది శస్త్రచికిత్స రోగుల వివరములు పరిశీలించి, లిండా ఐకెన్ బృందము 2002లో ఫలితములు ప్రకటించినది. నర్సున కొక రోగి హెచ్చిన కొలది, ముప్పది దినములలో రోగి మరణించు అవకాశము నూటికి 7 వంతున హెచ్చినది. నర్సు మాడిపోవు అవకాశము నూటికి 23, పనిపై అసంతృప్తి నూటికి 15 వంతున హెచ్చినవి. అవి సామాన్య వార్డుల లెక్కలు. మంచము మంచమునకును ప్రాణాపాయమున్న చోట నేమగునో పాఠకులు ఊహింపవచ్చును. నర్సు మాడుటయు, రోగి మరణించుటయు రెండు వేఱు సమస్యలు కావు. ఒకే కొఱత యొకవైపు ఆమెను, వేఱొకవైపు అతనిని కాల్చుచున్నది.

కాలిఫోర్నియా రాష్ట్రము 1999లో శాసనము చేసి 2004నుండి నర్సుల సంఖ్యను చట్టముచే నిర్ణయించినది. అక్కడ ఐ.సి.యు.లో ఇద్దఱు రోగులకంటె నెక్కువ మందిని ఒక నర్సునకు అప్పగింపరాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో 2016నుండి ఇట్టి నియమము కొన్ని ఆసుపత్రులలో అమలు కాగా, అదనపు నర్సులకైన వ్యయముకంటె, రోగులు త్వరగా ఇండ్లకు పోవుటవలనను, తిరిగి రాకపోవుటవలనను మిగిలిన ధనము రెండింతలకు పైగా నున్నదని 2021లో ప్రకటితమైన పరిశోధన తేల్చినది. ధర్మము మాట వినిపింపని చెవులకు ఈ లెక్కయైన వినిపించును గాక.

మన దేశమున ప్రమాణములు లేకపోలేదు. ఐ.సి.యు.లో ప్రతి షిఫ్టునను మంచమున కొక నర్సు చొప్పున నుండవలెనని భారత నర్సింగు మండలి చెప్పుచున్నది; సెలవులకై అదనముగ మఱికొందఱను ఉంచుకొనవలెననియు చెప్పుచున్నది. ఆ ప్రమాణము పుస్తకమున నున్నది. పట్టణములలోని పెక్కు ఐ.సి.యు.లలో, అందునను రాత్రివేళ, నర్సు చేతిలో ముగ్గురు నలుగురు రోగులుండుట ఆ తలుపుల బయట కూర్చుండినవారు చూచినదే. రోగిని తిప్పవలసిన వేళ తిప్పలేదని ఆమెకు తెలియును. ఆ సంగతి పుస్తకమున వ్రాయుటకును వెఱచును, వ్రాయకుండుటకును వెఱచును.

నర్సులు దొరకుట లేదని యాజమాన్యముల సమాధానము. 1946లో భోర్ సంఘము విచారించినప్పుడు ఆ మాట నిజము. నాడు దేశమంతటికిని నర్సులు సుమారు 7,000 మందియే; నలుబది మూడు వేల జనమున కొక నర్సు. మఱుసటి యేడు నర్సింగు మండలి శాసనము వచ్చినది. నేడు దేశమున నమోదైన నర్సుల సంఖ్య ముప్పది లక్షలకు మించినది. వారిలో విదేశములకు పోయినవారు, పని మానినవారు గలరు. పోయినవారేల పోయిరి? మానినవారేల మానిరి? గల్ఫు దేశములలోను, ఇంగ్లండులోను, జర్మనీలోను మన బిడ్డలు అలయకుండ పనిచేయుచున్నారని వారిని చేర్చుకొన్న ఆసుపత్రులే చెప్పుచుండగా, ఇక్కడి నీరు వారిని అలయింపజేయుచున్నదని మేము నమ్మము. 1983లో అమెరికాలో నర్సుల కఱవు తీవ్రముగ నున్నప్పుడు 41 ఆసుపత్రులకు మాత్రము కఱవు లేకుండుట గమనించి కారణము విచారించిరి. చాలినంతమంది నర్సులుండుట, రోగి విషయమున నర్సు మాట వైద్యుడు వినుట, నర్సుల పెద్ద వారి పక్షమున నిలుచుట – ఇవియే తేలినవి. ఇందులో అయస్కాంతము వంటి రహస్య మేదియు లేదు. ఐనను ఆ యాసుపత్రులకు అయస్కాంతములనియే పేరు వచ్చినది.

జీతముల మాట చెప్పక తప్పదు. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల దుస్థితిపై 2016 జనవరిలో సుప్రీము కోర్టు ఆదేశింపగా కేంద్ర ప్రభుత్వము సంఘమును వేసినది. ఏబది మంచములకు లోబడిన ఆసుపత్రిలోనైనను నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఈయరాదనియు, రెండువందల మంచములకు మించిన చోట ప్రభుత్వ నర్సులతో సమానముగ ఈయవలెననియు ఆ సంఘము సిఫారసు చేసినది. సిఫారసు శాసనము కాదు. కేరళమున నర్సులు సంఘటితులై పోరాడిన పిదప 2018లో ఆ ప్రభుత్వము కనీస వేతనము 20,000 రూపాయలని ప్రకటించినది. తెలుగు రాష్ట్రములలో చిన్న ప్రైవేటు ఆసుపత్రుల నర్సులను జీతమెంత యని అడిగి చూడుడు. ఆ ఐ.సి.యు.లో నొక మంచమునకు ఒక దినమున పడు బిల్లును, ఆ మంచమును కాచు నర్సు నెల జీతమును ప్రక్కప్రక్కను వ్రాసి చూచినచో వ్యాఖ్యానము మేము చేయనక్కఱలేదు. ప్రభుత్వ పక్షమున నొక మంచిమాట చెప్పవలయును: తెలంగాణమున 2024 జనవరి చివర దాదాపు ఏడువేలమందికి స్టాఫు నర్సు నియామక పత్రములిచ్చిరి. ఇది తగిన దారి. ఒప్పంద నర్సులతో ఐ.సి.యు.లను నడపుట తగని దారి. ఒక రోగి ఒడలు, ఒక యంత్రము గుణము తెలిసికొనుటకే యేండ్లు పట్టు చోట ఏడాదికొకసారి మనుషులను మార్చుట ఏ లెక్కనను లాభము కాదు.

మన సంఘముపైనను కొంత తప్పు గలదు. తెలుగుదేశమున నర్సు విద్యకు తొలి నాళ్లలో మిషను ఆసుపత్రులు ముఖ్యాధారమైనవి. డాక్టరు అన్నా కూగ్లరు 1883లో గుంటూరు వచ్చి, 1898లో స్త్రీలకై ఆసుపత్రి తెఱచిన కాలమున, పరుల దేహమును ముట్టు పనికి, రాత్రివేళ ఇల్లు విడుచు పనికి కలిగిన కుటుంబములవారు తమ ఆడుబిడ్డలను పంపుట చెల్లనిది. దిక్కులేనివారు, పేదవారు, కొత్తగా క్రైస్తవులైనవారు ఆ భారము నెత్తిన బెట్టుకొనిరి. నాటి చిన్నచూపు పోయినదని మనము చెప్పుకొందుము. తండ్రి వెంటిలేటరుపై నున్నప్పుడు నర్సు అమ్మ, అక్క, చెల్లెలు. కొడుకునకు పెండ్లి మాటలాడునప్పుడు పిల్ల నర్సని తెలిసి, రాత్రి డ్యూటీలు మానునా యని అడుగుట నేటికిని వినుచున్నాము. పగలెల్ల ఇంటిపని, రాత్రియెల్ల ఆసుపత్రి పని చేయు కోడలు ఉదయమున నిద్రించిన మూతి ముడుచు అత్తలును గలరు. ఐ.సి.యు.లో సగము మాడిన వత్తి తక్కిన సగము ఇంటిలో మాడుచున్నది.

మా పాఠకులలో ఆసుపత్రులకు విరాళములిచ్చినవారు, ట్రస్టులలో సభ్యులైనవారు, పురపాలక సంఘములలో నున్నవారు గలరు. ప్రభుత్వము చట్టము చేయువఱకు వేచియుండనక్కఱలేని పనిని వారికి సూచింతుము. ప్రతి ఐ.సి.యు. వాకిట నొక పలక కట్టుడు. షిఫ్టు మాఱినప్పుడెల్ల దానిపై రెండు సంఖ్యలు వ్రాయింపుడు: లోపలి రోగులెందఱు, ఈ పూట నర్సులెందఱు. వెంటిలేటరుపై ఎందఱున్నారో మూడవ సంఖ్యగా వ్రాసిన మఱియు మంచిది. క్రొత్త యంత్రమునకై విరాళ మడుగ వచ్చినవారిని, దానిని కాచుటకు క్రొత్త నర్సు ఉన్నదా యని అడుగుడు. లేదన్నచో ఆ ధనమును అయిదేండ్ల జీతముగా నిచ్చుటకు అంగీకరింతురేమో కనుగొనుడు. ఆసుపత్రుల నమోదును ఏటేట పొడిగించునప్పుడు ఈ సంఖ్యల పుస్తకమును చూపవలెనని రెండు రాష్ట్రముల ప్రభుత్వములును నియమింపవచ్చును. దీనికి బొక్కసమునుండి ధనము వెచ్చింపనక్కఱలేదు.

పలకపై తప్పు సంఖ్యలు వ్రాయుదురని కొందఱు ఆక్షేపింపవచ్చును. వ్రాయుదురు, మేమును ఎఱుగుదుము. కాని తలుపు బయట బెంచీపై రాత్రియెల్ల కూర్చుండు బంధువులకు వేఱు పని లేదు. డ్యూటీకి లోపలికి పోయినవారెందఱో, బయటికి వచ్చినవారెందఱో వారు లెక్కపెట్టగలరు.